నాలుగు నెలలుగా ఒక్క పేజీ రాయలేదు. మానేయడమే మేలా?

చిత్తుప్రతి:

నాకు ఇరవై రెండేళ్లు. పదహారో ఏట నుంచి కథలు రాస్తున్నాను. పూర్తి చేసినవి పదకొండు. సగంలో ఆగినవి ఎన్నో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ పదకొండింటిలో తొమ్మిదింటిని పత్రికలకూ పోటీలకూ పంపాను. మూడు కథలకు "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అని ఒకే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. అయిదింటి గురించి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకటి మాత్రం ఒక అంతర్జాల పత్రికలో వచ్చింది. దాని కింద రెండు అభిప్రాయాలు కనిపించాయి. ఒకటి మా అక్క రాసింది. రెండోది అచ్చుతప్పు చూపించింది.

ఇవన్నీ మామూలేనని సర్దుకున్నాను. అయిదు నెలల కిందట ఒక కథా కార్యశాలకు వెళ్లాను. అక్కడ నా కథ చదివించారు. గడియారాలు బాగుచేసే ఒక మనిషికి చూపు తగ్గిపోవడం గురించి, ఆ సంగతి కూతురికి తెలియకుండా దాచడం గురించి రాసిన కథ అది. చదవడం పూర్తయ్యాక ఒక పెద్దాయన, "ఇందులో కథ ఎక్కడుందమ్మా? ముందు నీకు వయసు రావాలి, జీవితం చూడాలి. అప్పుడు రాద్దువుగాని" అన్నారు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, మామూలు నవ్వే. నేను కూడా నవ్వాను. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది, నేను కూడా నవ్వడం.

ఆ తరువాత ఒక నెల కథలను దిద్దుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆపైన ఆ మాట కూడా చెప్పుకోలేదు. పోయిన వారం నా స్నేహితురాలు తన ఫోనులో ఏదో టైపు చేసి, నిమిషంలో ఒక కథ పుట్టించి చూపించింది. "నువ్వు నెల రోజులు కష్టపడేది ఇదే కదా" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఓదార్పు కోసం అడగడం లేదు. (కోసమే అడుగుతున్నానేమో, తెలియదు.) నాలో సత్తా లేదని ఎలా తెలుస్తుంది? తెలిసే మార్గం ఏదైనా ఉంటే అది తెలుసుకుని మానేస్తాను.

ఆశాజీవి:

మానేయవద్దండీ! మీ ప్రశ్నే ఎంత బాగా రాశారో చూసుకోండి. ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన డ్యూన్ నవలను సుమారు ఇరవై ప్రచురణ సంస్థలు వద్దన్నాయి. చివరికి 1965లో దాన్ని వేసింది ఎవరో తెలుసా? కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడ్డ సంస్థ. ఆ నవల ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది. మీకు వచ్చినవి మూడే మూడు తిరస్కరణలు. ఇంకా పదిహేడు బాకీ ఉన్నాయి! ధైర్యంగా ఉండండి.

నిమ్మళం:

నేను వేరే మాట చెబుతాను. వినడానికి కటువుగా ఉంటుంది.

నేను ఇరవై ఆరేళ్ల వయసులో రాయడం మానేశాను. అప్పటికి నావి పద్నాలుగు కథలు అచ్చయ్యాయి. అంటే మీకంటే మెరుగైన స్థితిలో ఉండి మానేశాను. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు. సాహిత్యానికి లోటు రాలేదు. ఎందుకు మానేశారని ఇద్దరు అడిగారు, మూడోవాడు అడగలేదు. ఇప్పుడు హాయిగా చదువుకుంటున్నాను. మానేయడం ఏదో నేరమైనట్టు "వద్దండీ వద్దండీ" అనేవాళ్లను చూస్తే నాకు విసుగు.

అయితే ఒక్క సంగతి. నేను మానేసింది ఎవరో నవ్వినందుకు కాదు. ఒక ఆరు నెలలు కావాలనే కలం పక్కన పెట్టి చూశాను. ఆ ఆరు నెలల్లో దేన్ని చూసినా "ఇది రాయాలి" అని ఒక్కసారి కూడా అనిపించలేదు. నాకు రచయితగా ఉండడం ఇష్టం, రాయడం ఇష్టం లేదు. అది తెలిశాక బరువు దిగింది.

సత్తా ఉందో లేదో తెలుసుకునే మార్గం నాకు తెలియదు. రాయాలని ఉందో లేదో తెలుసుకునే మార్గం మాత్రం ఇదే. మీరు నాలుగు నెలలు ఖాళీగా ఉన్నారు కదా. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారైనా చెయ్యి దురద పెట్టిందా? నిజం చెప్పండి. లేదంటే మానేయండి, నా పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది.

చిత్తుప్రతి:

ఆశాజీవి గారూ, ధన్యవాదాలు. ఆ పదిహేడు బాకీ మాటకు నవ్వు వచ్చింది.

నిమ్మళం గారూ, మీ కుర్చీ మాట చదవగానే ఒకటి గుర్తొచ్చింది. రెండు నెలల కిందట ఆసుపత్రిలో మా పిన్ని కోసం కూర్చుని ఉన్నాను. ఎదుటి వరసలో ఒకాయన పక్క కుర్చీ మీద చెయ్యి వేసి పెట్టుకున్నాడు. ఎవరు కూర్చోబోయినా "వస్తారు" అనేవాడు. అంతే, ఆ ఒక్క మాటే. చాలామంది నిలబడి ఉన్నారు. గొణుక్కున్నారు కూడా. రెండు గంటలు చూశాను. ఎవరూ రాలేదు. లోపలి నుంచి పేరు పిలిస్తే ఆయన లేచి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, తన చేతిరుమాలు ఆ ఖాళీ కుర్చీ మీద పరిచి వెళ్లాడు.

ఇంటికి వచ్చాక నోటుపుస్తకం వెతికాను. ఎక్కడో పడేశాను, దొరకలేదు. ఫోనులో రాసి పెట్టుకున్నాను. కథ కాదు, నాలుగు ముక్కలు. అది లెక్కలోకి వస్తుందా?

నిమ్మళం:

వస్తుంది. కుర్చీ వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రూఫుల తాత:

"చిత్తుప్రతి గారూ, మీరు" అని మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాను. నా మనవరాలిది నీ వయసే. నువ్వు అనే రాస్తాను. నచ్చకపోతే చెప్పు, మార్చుకుంటాను.

ఒక వారపత్రికలో ఇరవై ఏడేళ్లు ఉప సంపాదకుడిగా పనిచేశాను. కథలు వచ్చే కవర్లు విప్పడం, చదవడం, పనికొచ్చేవి సంపాదకుడి బల్ల మీదికి పంపడం, తక్కినవి తిప్పి పంపడం నా పని. ఆపైన ప్రూఫులు దిద్దడం. నీకు వచ్చిన ఆ ఒక్క వాక్యం ఉంది చూశావా, "స్వీకరించలేకపోతున్నాం" అని? అలాంటి చీటీలు మాకు కట్టలు కట్టలుగా అచ్చువేసి ఉండేవి. వాటిని కవర్లలో పెట్టి అంటించిన చెయ్యి నాది. కాబట్టి ఆ వాక్యం వెనక ఏముంటుందో చెప్పే అర్హత నాకు కాస్త ఉంది.

ఏమీ ఉండదు. నువ్వు దాన్ని పదిసార్లు చదివి ఉంటావు, ఏదో అర్థం దొరుకుతుందని. రాసినవాడు దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు.

లెక్క చెబుతాను. వారానికి రెండు కథలు వేసేవాళ్లం. ఏడాదికి 104. పేరున్నవాళ్లను అడిగి రాయించుకున్నవి, పోటీల్లో గెలిచినవి, ప్రత్యేక సంచికలకు ముందే ఖాయం చేసినవి అందులోంచి తీసేస్తే, టపాలో వచ్చిన కథలకు మిగిలేది సగానికి కాస్త పైన. టపా సంచి మాత్రం రోజూ వచ్చేది. పనికిరానివి తిప్పి పంపడం తేలిక. పనికొచ్చేవి తిప్పి పంపడానికి కారణాలు ఎలా ఉండేవో విను. కథ బాగుంది, మా పేజీలు మూడు, అది నాలుగున్నర. తిరుగు టపా. కథ బాగుంది, పోయిన వారమే వృద్ధాశ్రమం కథ వేశాం, ఇదీ వృద్ధాశ్రమమే. తిరుగు టపా. కథ బాగుంది, పేజీలు కట్టేశాక ఒక ప్రకటన వచ్చి పడింది, కథ ఎగిరిపోయింది, మళ్లీ దాన్ని పెట్టే వారం వచ్చేలోపు కొత్తవి పేరుకుపోయాయి. ఇంకొకటి కూడా చెప్పాలి, సిగ్గుగా ఉన్నా సరే. కథ బాగుందేమో, నేను దాన్ని భోజనం చేసిన తరువాత చదివాను.

అన్నీ ఇలాగే పోయాయని చెబితే అబద్ధం. ఎక్కువ భాగం బాగాలేకనే పోయాయి. కానీ బాగాలేని దానికీ బాగున్నదానికీ వెళ్లిన చీటీ ఒకటే. నీ మూడు చీటీలను చూసి నీది ఏ రకమో నువ్వు తేల్చుకోలేవు. నేను కూడా తేల్చలేను.

ఇక ఆశాజీవి చెప్పిన ఉదాహరణ. అది నిజమే, నేనూ విన్నాను. అయినా అలాంటివి నాకు పడవు. ఇరవైసార్లు తిరిగొచ్చి ఇరవై ఒకటోసారి గెలిచినవాడి సంగతి అందరూ చెబుతారు. ఇరవై ఒకటోసారి కూడా తిరిగొచ్చినవాళ్లు నా టపా సంచిలో ఉండేవాళ్లు. వాళ్ల గురించి ఎవరూ చెప్పరు. అందుకని నువ్వు గెలుస్తావని నేను మాట ఇవ్వను.

దానికంటే నాకు ఇష్టమైనది కన్యాశుల్కం సంగతి. గురజాడ నాటకాన్ని 1892లో ఆడారు, జనం మెచ్చారు. 1897లో అచ్చయింది. ఎవరైనా అక్కడితో ఆగిపోతారు. ఆయన ఆగలేదు. 1909లో దాన్ని ఇంచుమించు కొత్త నాటకంలా తిరగరాసి మళ్లీ వేయించాడు. మనం ఇవాళ చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు. కార్యశాలలో ఆ పెద్దాయన నీతో వయసు రావాలి అన్నాడు కదా. సరే, ఆయన మాటే నిజమనుకుందాం. వయసు వచ్చాక తిరగరాయడానికి, ముందు రాసినది ఒకటి చేతిలో ఉండాలా వద్దా? ఆ 1897 పుస్తకం లేకుండా 1909 పుస్తకం ఎక్కడి నుంచి వచ్చేది? నలభై ఏడో ఏట కూర్చుని మొదటి వాక్యంతో మొదలుపెడితే అది మొదటి వాక్యమే అవుతుంది.

నీ స్నేహితురాలి ఫోను కథ గురించి: ఆ యంత్రాల సంగతి నాకు తెలియదు. నిమిషంలో పుట్టినట్టుండే కథలకు మాత్రం నా టపా సంచిలో ఏనాడూ కొదవ లేదు. వాటిని మనుషులే రాశారు. ఆసుపత్రిలో ఖాళీ కుర్చీ మీద చేతిరుమాలు పరిచిన మనిషిని అక్కడ కూర్చుని చూసింది నువ్వు. ఆమెకు అదే చెప్పు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఇది ఎక్కడా చెప్పలేదు, ఇంట్లో కూడా.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో ఒక కథ వచ్చింది. చేతిరాత గుండ్రంగా, తాపీగా ఉంది. కాగితానికి ఒకవైపే రాసి, అంచు వదిలి, తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతపరిచి ఉంది. పద్ధతి తెలిసిన మనిషి. కథలో ఒక తల్లి గురించి ఇలా ఉంది: "అమ్మ తాళం వేశాక తలుపును ఒకసారి తోసి చూసేది. ఇంటికి తన మీద నమ్మకం ఉందో లేదో కనుక్కుంటున్నట్టు." నేను ఆ వాక్యం దగ్గర ఆగి, ఎదుటి బల్ల మీదున్న అతన్ని పిలిచి చదివి వినిపించాను. ఎప్పుడూ చేయని పని.

కథ అయిదు పేజీలు. మాకున్నవి మూడు. తగ్గించే తీరిక ఆ వారం లేదు. చీటీ తీశాను. ఆ చీటీ వెనక "కాస్త తగ్గించి మళ్లీ పంపండి" అని రాద్దామనుకున్నాను. నాలుగు మాటలు. కలం చేతిలోనే ఉంది. ఇంతలో ఫోను మోగింది, ప్రెస్సు నుంచి ఏదో గొడవ. తిరిగి వచ్చేసరికి మా అటెండరు కవర్లన్నీ అంటించేశాడు. విప్పితే విప్పవచ్చు. మళ్లీ పంపకపోతారా అనుకున్నాను.

పంపలేదు. ఆరు నెలలు చూశాను, ఏడాది చూశాను. వేరే పత్రికల్లో ఆ పేరు కోసం చూశాను. ఇరవై మూడేళ్లు ఆ చేతిరాత కోసం కవర్ల మీద చిరునామాలు చూస్తూనే ఉన్నాను. ఆ కథ పోయింది. నా దగ్గర మిగిలింది తాళం వేసే ఆ తల్లి ఒక్కతే.

ప్రూస్ట్ అనే ఫ్రెంచి రచయిత నవలను 1912లో ఒక సాహిత్య పత్రికవాళ్ల ప్రచురణ సంస్థ వద్దంది. ఆ నిర్ణయంలో ఆంద్రే జీద్ అనే పెద్ద రచయిత చెయ్యి ఉంది. ప్రూస్ట్ తన డబ్బు పెట్టుకుని 1913లో వేరేచోట వేయించుకున్నాడు. అచ్చయ్యాక జీద్ చదివి, 1914లో క్షమించమని ఉత్తరం రాశాడు. ఈ సంగతి నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. జీద్‌కు ఆ ఉత్తరం పంపడానికి ఒక చిరునామా ఉంది. అవతలి మనిషి ఆగకుండా పుస్తకం వేశాడు కాబట్టి ఉంది. నాకు లేదు.

అందుకని, అమ్మా, నీ తొమ్మిది కథలను చూసినవాళ్లలో ఎవడో ఒకడు నాలాగే కలం పట్టుకుని, ఫోను మోగితే లేచి వెళ్లి ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. నీకు ఎప్పటికీ తెలియదు. ఆ తెలియని సంగతి మీద నీ పని ఆపుకోకు.

ఆ గడియారాల కథ మొదటి పేజీ ఇక్కడ పెట్టగలవా? మొత్తం వద్దు. పాత జబ్బు, చదవకుండా ఉండలేను.

రాత్రిబండి:

తాతగారు చెప్పింది చదివి కాసేపు ఊరుకున్నాను. నేను చెప్పేది చిన్న సంగతి, పనికొస్తే తీసుకోండి.

నేను రాత్రి పాళీ ఉద్యోగిని. రాయడానికి దొరికేది పడుకునే ముందు అరగంట. పంపిన కథలకు ఒక పుస్తకం పెట్టుకున్నాను: కథ పేరు, ఎక్కడికి, ఏ తేదీన, ఏమైంది. కథ తిరిగొస్తే బాధపడటానికి ఒకరోజు కేటాయించుకుంటాను. మర్నాడు దాన్ని పైకి చదివి ఫోనులో రికార్డు చేసి, పనికి వెళుతూ వింటాను. నా గొంతు ఎక్కడ తడబడిందో అక్కడ వాక్యంలో ఏదో తప్పుంటుంది. ఎక్కడ నాకే వేరే ఆలోచన వచ్చిందో అక్కడ పేరా అనవసరం. దిద్ది, ఇంకొకచోటికి పంపి, పుస్తకంలో తేదీ వేస్తాను. ఒక కథ ఆరోచోట అచ్చయింది. ఇంకొకటి ఎనిమిది చోట్లు తిరిగి సొరుగులో ఉంది. అది సొరుగులోనే ఉండాలని ఇప్పుడు నాకూ తెలుసు.

ఒక మాట. ఫలితం రానంతకాలం ఖాళీగా ఎదురుచూడకండి. ఒక కథ పంపిన రోజే ఇంకొకటి మొదలుపెడితే, మొదటిది తిరిగొచ్చేసరికి మీ మనసు రెండోదాని మీద ఉంటుంది. మరో సంగతి, ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. కథతో పాటు జతచేసే హామీపత్రంలో, ఇంకెక్కడికీ పంపలేదని మనం ఇచ్చేది ఆ మాటే.

చిత్తుప్రతి:

తాతగారూ, నువ్వు అనండి, బాగుంది.

ఆ తాళం వాక్యం రాసినవారు ఇది ఎక్కడైనా చదివితే బాగుండును. నేను దాన్ని గోడ మీద రాసుకోవాలనుకున్నాను, కానీ అది నాది కాదు కదా అని మానేశాను.

కథ మొదటి పేజీ ఇక్కడ పెడుతున్నాను. భయంగానే ఉంది.

"తూర్పున సూర్యుడు మెల్లగా పైకి వస్తున్నాడు. పక్షుల కిలకిలారావాలతో ఊరు మేల్కొంటోంది. ఆ వీధి చివర చిన్న గడియారాల కొట్టు ఉంది. దాని యజమాని ఎంతో నిజాయితీపరుడు, కష్టజీవి. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ కొట్టు నడుపుతున్నాడు. ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి లేని ఆ పిల్లను ఆయన అల్లారుముద్దుగా పెంచాడు. కాలం ఎవరి కోసమూ ఆగదు అని ఆయన తరచూ అంటూ ఉండేవాడు..."

ఇలా ఒకటిన్నర పేజీ నడుస్తుంది. ఆ తరువాత కూతురు కొట్టుకు వస్తుంది. అక్కడి నుంచి ఆమె చెబుతున్నట్టుగా మారుతుంది. అక్కడ ఇలా ఉంటుంది:

"నాన్న చేతిలోంచి మర జారి పడడం నేను మొదటిసారి చూశాను. ఆవగింజలో సగం ఉంటుంది అది. ఇద్దరం నేల మీద మోకాళ్ల మీద కూర్చుని వెతికాం. నాకు అది వెంటనే కనిపించింది, ఆయన చెప్పు పక్కనే మెరుస్తోంది. నాన్న అరచేత్తో దాని చుట్టూ తడుముతున్నాడు. ఆయన చెయ్యి దాని మీదుగా రెండుసార్లు వెళ్లింది. 'పోనీలేమ్మా, ఇంకొకటి వేద్దాం' అని లేచాడు. నేను దాన్ని తీసి జేబులో వేసుకున్నాను."

ఆశాజీవి:

అయ్యో. ఆ జేబు.

నిమ్మళం:

కార్యశాలలో "కథ ఎక్కడుందమ్మా" అని అడిగారన్నారు. అడిగిన తీరు తప్పు. ప్రశ్న మాత్రం తప్పు కాదు. రెండో పేజీలో ఉంది. ఆయన అక్కడిదాకా వినలేదు.

ప్రూఫుల తాత:

ఇరవై ఏడేళ్లలో నేను చూసినన్ని సూర్యోదయాలు ఏ పూజారీ చూసి ఉండడు. అన్నీ కథల మొదటి పేజీల్లోనే. పక్షులు కూడా ప్రతి కథలోనూ కిలకిలమంటూనే లేచేవి. ఒక్కటీ దగ్గినట్టు ఎవరూ రాయలేదు.

నవ్వుకుంటూనే చెబుతున్నాను, నొచ్చుకోకు. అది నీ ఒక్కదాని తప్పు కాదు. కూర్చోగానే చెయ్యి సాగదు. అది సాగేదాకా మనం ఎక్కడో విన్న వాక్యాలు రాస్తూ ఉంటాం. నిజాయితీపరుడు, కష్టజీవి, అల్లారుముద్దు. ఇవి నీవి కావు, అందరివీ. ఆ ఒకటిన్నర పేజీ నువ్వు రాసి తీరాలి, రాయకపోతే మర దాకా చేరవు. చేరాక మాత్రం దాన్ని చింపేయాలి. నా బల్ల మీదికి వచ్చిన కథల్లో చాలావాటికి ఇదే జబ్బు. తీరిక ఉన్న వారం నేనే మొదటి పేజీ కొట్టేసి వేసేవాణ్ని. రచయితలు కోపంగా ఉత్తరాలు రాసేవాళ్లు. ఒకాయన నాలుగు పేజీల ఉత్తరం రాశాడు, అందులోనూ మొదటి రెండు పేజీలు అనవసరం.

ఆ మర పేరా మాత్రం ముట్టుకోకు. ఒక్క విశేషణం లేదు అందులో. నాన్నకు కనిపించడం లేదు అని నువ్వు ఎక్కడా చెప్పలేదు. చెయ్యి దాని మీదుగా రెండుసార్లు వెళ్లింది అన్నావు. కూతురు ఏడ్చింది అనలేదు, జేబులో వేసుకుంది అన్నావు. ఇది నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఎదుటి అతన్ని పిలిచి చదివి వినిపించేవాణ్ని. ఆ రోజు ఫోను ఎంత మోగినా లేచేవాణ్ని కాదు.

చీటీ వెనక రాయాల్సిన మాటలు ఇక్కడ రాస్తున్నాను, ఆలస్యంగానైనా. కాస్త తగ్గించి మళ్లీ పంపు.

చిత్తుప్రతి:

నిన్న రాత్రి ఆ ఒకటిన్నర పేజీ కొట్టేశాను. మొదట కొత్త ఫైలులో దాచుకుని కొట్టేశాను, పూర్తిగా పారేయడానికి చెయ్యి రాలేదు. తెల్లవారుజామున రెండింటి దాకా కూర్చున్నాను. నాలుగు నెలల తరువాత అంతసేపు కూర్చోవడం ఇదే. రాత్రిబండి గారూ, పైకి చదివి రికార్డు చేశాను. చివరి పేజీలో మూడుచోట్ల తడబడ్డాను. అక్కడ ఉపన్యాసం ఉంది. అదీ తీసేశాను.

తాతగారూ, ఒక చిక్కు వచ్చింది. కథ ఇప్పుడు "నాన్న చేతిలోంచి మర జారి పడడం" దగ్గర మొదలవుతోంది. నాన్న గడియారాలు బాగుచేస్తాడని పాఠకుడికి ఇంకా తెలియదు. మర అంటే ఏ మర, దేని మర అనుకోరా? "గడియారంలోని" అని ఒక్క మాట చేర్చనా?

ప్రూఫుల తాత:

వద్దు. అది ఆవగింజలో సగం ఉంటుందని రెండో వాక్యంలో చెప్పావు కదా. దేనిదో తెలియక వాళ్లు కూడా మీ ఇద్దరితో పాటు నేల మీద వెతుకుతారు, వెతకనీ. పేజీ చివర గడియారం ఎలాగూ గంట కొడుతుంది.

కొడుతుందా? కొట్టకపోతే కొట్టించు. ఆ తరువాత పంపేముందు తిరుగు చిరునామా సరిగ్గా రాశావో లేదో చూసుకో.